మామయ్య చూసొచ్చిన రెండు పేటలు

గువ్వకి రెండు కాలేజీల్లో సీటు వచ్చింది. రెండూ ఒకే విశ్వవిద్యాలయానివి. అదే కోర్సు, అవే పుస్తకాలు, చివర్లో ఇచ్చే పట్టా మీద ముద్ర కూడా ఒకటే. తేడా అల్లా అవి ఉన్న చోటులోనే. ఒకటి ఊరికి ఓ చివర, వెడల్పాటి రోడ్లూ ఎత్తైన ప్రహరీలూ ఉన్న కొత్త కాలనీలో. రెండోది ఊరి నడిబొడ్డున, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒదగాల్సిన సందుల్లో, బైండింగు షాపులకీ ఇస్త్రీ షాపులకీ మధ్య ఇరుక్కుని ఉంది. సోమవారం మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి ఖాయం చేసి చెప్పాలి.

"పాత వీధుల్లో ఉన్నదాంట్లో చేరతాను" అంది గువ్వ, గురువారం అన్నం దగ్గర, కంచంలోంచి తల ఎత్తకుండా.

"ఎందుకు?" అన్నాడు మామయ్య.

"ఊరికే."

మామయ్యకి లోకంలో మింగుడుపడని మాట ఏదైనా ఉంటే అది 'ఊరికే'. ఇరవై ఆరేళ్ళుగా తాళాలు బాగుచేసి బతుకుతున్న మనిషాయన. తాళం ఊరికే బిగుసుకోదు, తాళంచెవి ఊరికే మాయం కాదు, ఎవరో ఏదో చేసి ఉంటారు. ఆయన లెక్క అది. బజారులో తనని వెనకాల 'అనుమానాల మేస్త్రి' అంటారని ఆయనకి తెలుసు. ఆ పేరు పెట్టింది ఎదురుగా గొడుగులు అమ్మే ఆయనేనని ఒక అనుమానం కూడా ఉంది.

గువ్వ ఆయన అక్క కూతురు. బావ పోయాక అక్క నాలుగేళ్ళ పిల్లని చంకనేసుకుని తమ్ముడింటికి వచ్చింది. ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం. తమ్ముడు పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళు వచ్చిన వారంలోనే వీధి తలుపుకి రెండో తాళం వేశాడు. గువ్వ హైస్కూల్లో చేరిన రోజున మూడోది పడింది. పిల్ల బడి నుంచి పావుగంట ఆలస్యంగా వస్తే సందు చివరికి నాలుగుసార్లు వెళ్ళి వచ్చేవాడు. గువ్వ అంటే ఆయనకి ప్రాణం. ఆ ప్రాణం పీక్కు తినేలా ప్రశ్నలు వేసేది కూడా ఆయనే.

"కొత్త కాలనీ కాలేజీకి ఏం తక్కువైంది? గేటు దగ్గర కాపలా ఉంది, వీధి వీధికీ కెమెరాలున్నాయి."

"ఏం తక్కువ కాలేదు. నాకు ఇది నచ్చింది, అంతే."

అక్క వైపు చూశాడు. ఆవిడ మజ్జిగ పోసుకుంటూ, "చదివేది అది. దానిష్టం" అని ఊరుకుంది. అంత తేలిగ్గా ఊరుకోవడం కూడా మామయ్యకి నచ్చలేదు.

గువ్వ నిద్రపోయాక ఆ రెండో కాలేజీ వాళ్ళిచ్చిన పుస్తకం తిరగేశాడు. పదో పేజీలోంచి చిన్న కాగితం ముక్క జారి ఒళ్ళో పడింది. ఒక ఫోన్ నంబరు, దాని కింద రెండు ముక్కలు: 'ఎప్పుడైనా రా. తలుపు తీసే ఉంటుంది.' పేరు లేదు. అక్షరాలు పెద్దవి, కాగితానికి అవతల గుంటలు పడేంత గట్టిగా నొక్కి రాసినవి. ఇది మగరాతే అనుకున్నాడు. కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తలుపు తీసే ఉంటుందట. తాళాలు బాగుచేసేవాడికి ఇంతకంటే అశుభమైన మాట ఇంకొకటి ఉండదు.

శుక్రవారం కొట్టు మూసి, పనిసంచి భుజాన వేసుకుని ముందు కొత్త కాలనీకి వెళ్ళాడు. ఎందుకంటే రెండూ చూడకుండా ఒకదాన్ని కాదనడం న్యాయం కాదు. రోడ్లు అద్దంలా ఉన్నాయి. కాలేజీ గోడ పక్కనే నడవడం మొదలుపెడితే రెండో చివర చేరేసరికి ఆయనకి ఆయాసం వచ్చింది. ఇళ్ళ తలుపులు చూస్తూ పోయాడు. ఆయన చూసేవి తలుపులు కూడా కాదు, తాళాలు. ప్రతి ఇంటికీ ఇనప గేటు, గేటుకి లోపలి నుంచి గడియ, తలుపుకి ఉక్కు బోల్టు, పైన కెమెరా. ఒక ఇంటి గేటుకున్న తాళం మరీ కొత్తరకంగా ఉంటే దగ్గరికెళ్ళి, వంగి, వేలితో తడిమి చూశాడు. రెండుగంటలు తిరిగాడు. పన్నెత్తి పలకరించినవాళ్ళు లేరు. కాలేజీ గేటు దగ్గర కాపలావాడు ఫోన్ చూసుకుంటున్నాడు.

"భేషుగ్గా ఉంది. ఎవరి పనిలో వాళ్ళున్నారు" అనుకుని తృప్తిగా ఇంటికొచ్చాడు.

శనివారం పాత వీధులకి బయల్దేరాడు. ఆ కాగితం రాసినవాడెవడో తేల్చుకోకుండా వెనక్కి రాకూడదనే పంతంతో.

బస్సు దిగి సందులోకి అడుగుపెట్టగానే ఆయనకి ఒళ్ళు మండిపోయింది. తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి. గడపల మీద మనుషులు కూర్చున్నారు. ఒక ఇంటి గొళ్ళెం ఒక్క మేకుకి వేలాడుతోంది. ఇంకో తలుపుకి తాళం ఉండాల్సిన చోట కన్నం, కన్నంలో గుడ్డముక్క. చిన్నపిల్లాడు కూడా తీసేయగల గడియలు. ఇలాంటి చోట ఆడపిల్లని చదివిస్తారా ఎవరైనా? ఒక్కో తలుపు ముందూ ఆగి, కళ్ళు చికిలించి చూసి, తల అడ్డంగా ఊపి ముందుకు కదిలాడు. కాలేజీ పాత భవనం సందు మలుపులో ఉంది. దానికి ఎదురుగా ఒక ఇస్త్రీ షాపు, పక్కనే విద్యార్థుల పుస్తకాలూ రిపోర్టులూ కుట్టే బైండింగు షాపు. అక్కడ నిలబడితే కాలేజీలోకి వచ్చేపోయే వాళ్ళంతా కనిపిస్తారు. అందుకే ఓ గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

పది నిమిషాలు కాలేదు, బైండింగు షాపులోంచి బట్టతల ఆయన ఒకడు బయటికొచ్చాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఉంది, వేళ్ళకి జిగురు.

"ఎవరు కావాలండీ?"

"ఎవరూ కాదు" అన్నాడు మామయ్య.

"మరి ఇక్కడ?"

"ఊరికే."

ఆ మాట తన నోట్లోంచి ఊడిపడిందని మామయ్యకి ఆ క్షణాన తెలియలేదు.

"ఊరికే అంటే?" ఇస్త్రీ షాపులోంచి ఆడగొంతు వినిపించింది. యాభై ఏళ్ళావిడ, చేతిలో ఇస్త్రీ పెట్టె అలాగే పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "సందు మొదట్నుంచీ చూస్తున్నా నిన్ను. ఇంటింటి దగ్గరా ఆగి గొళ్ళాలు చూస్తున్నావు. ఏంటి సంగతి?"

"ఇల్లు అద్దెకి చూస్తున్నానమ్మా."

"అద్దెకి చూసేవాడు గదులు అడుగుతాడు. గొళ్ళాలు చూడడు."

పై మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఇద్దరు కిందికి తొంగిచూశారు. బైండింగు ఆయన తాపీగా వచ్చి మామయ్యకీ సందు మొదలుకీ మధ్యన నిలబడ్డాడు. కోపం లేదు, కేక లేదు. వెళ్ళాలంటే మాత్రం ఆయన్ని తోసుకునే వెళ్ళాలి.

"సంచిలో ఏముందో చూపిస్తారా?"

మామయ్య చెయ్యి సంచి పట్టీ మీదికి వెళ్ళింది. పనిసంచి. నిన్నా ఇవాళా అలవాటుగా భుజాన వేసుకుని తిరుగుతున్నాడు తప్ప అందులో ఏముందో ఆలోచించలేదు. "నా పనిముట్లండీ, అంతే" అంటూ వెనక్కి లాక్కోబోయాడు. పట్టీ తెగి సంచి నేల మీద పడింది. తాళంచెవుల గుత్తులు నాలుగు, సన్నటి కొక్కేల ఊచలు, ఆకురాళ్ళు, చిన్న సుత్తి, తాళంచెవుల అచ్చు తీసే మైనం డబ్బా గలగలమంటూ దొర్లాయి.

బైండింగు ఆయన నుదుటి మీది కళ్ళజోడు కిందికి లాక్కుని వాటికేసి చూశాడు.

"నేను తాళాలు బాగుచేస్తానమ్మా" అన్నాడు మామయ్య. నిజమే చెప్పాడు. కానీ ఆ సందులో, ఆ సామాను మధ్యన నిలబడి చెబితే అంతకంటే పచ్చి అబద్ధం ఇంకోటి లేనట్టు వినిపించింది. ఆయనకే అలా వినిపించింది.

"జేబులో ఏమున్నాయి? తియ్యండి" అన్నాడు బైండింగు ఆయన.

తీశాడు. జేబురుమాలు, బస్సు టికెట్టు, కొట్టు కార్డు, వాటితోపాటు మడత పెట్టిన కాగితం. ఇస్త్రీ ఆవిడ ఆ కాగితం అందుకుని విప్పి చూసింది. ఆవిడ మొహం మారిపోయింది. చేతిలో ఇస్త్రీ పెట్టెని పక్కన బల్ల మీద ఆనించి, రెండడుగులు ముందుకొచ్చింది.

"ఇది నేను రాసిచ్చింది. నీ దగ్గరికెలా వచ్చింది?"

"మీరా?" అన్నాడు మామయ్య తెల్లబోయి. "మీరు రాశారా ఇది?"

"ఆ పిల్లని ఏం చేశావు?"

"ఏ పిల్లనమ్మా? మా గువ్వనా?"

"ఇంట్లో పిలిచే పేరు కూడా తెలుసుకున్నావా?" ఆవిడ గొంతు తగ్గింది. తగ్గినకొద్దీ మామయ్యకి భయం ఎక్కువైంది. "ఆ మోటారుసైకిలువాడు పంపించాడా నిన్ను?"

మోటారుసైకిలువాడెవడో మామయ్యకి తెలియదు. "నేను దాని మేనమామనమ్మా. ఏ మోటారుసైకిలు? ఏమైంది మా పిల్లకి?" అన్నాడు. ఆవిడ ఫోన్ తీసి, ఆయనకి వీపు తిప్పి ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడింది.

"వస్తోంది. ఆ పిల్ల వచ్చి నువ్వెవరో చెప్పేదాకా ఇక్కడే కూర్చో."

ఇస్త్రీ షాపులో, వేలాడుతున్న చొక్కాల మధ్య, ముక్కాలిపీట మీద కూర్చోబెట్టారు. గుమ్మంలో బైండింగు ఆయన కుర్చీ వేసుకుని, ఒళ్ళో ఎవరిదో రిపోర్టు పెట్టుకుని సూదితో కుట్టుకుంటూ కాపలా కూర్చున్నాడు. దాదాపు ముప్పావుగంట. మామయ్య తన జన్మలో అంత పొడవైన ముప్పావుగంట చూడలేదు. ఈ ఆవిడ దగ్గర తన మేనకోడలి నంబరుంది. పిలిస్తే గువ్వ వస్తోంది. ఎన్నిసార్లు వచ్చింది ఇక్కడికి? ఎవరికి చెప్పి వచ్చింది? వీళ్ళంతా ఒక జట్టా? పిల్లని ఏదైనా ఉచ్చులో దింపారా? ఇంతలో ఒకమ్మాయి బట్టలు ఇవ్వడానికొచ్చి, ఆయన్ని చూసి, "ఎవరాంటీ ఈయన?" అంది. "ఇంకా తెలీదు" అంది ఇస్త్రీ ఆవిడ.

గువ్వ పరిగెత్తుకుంటూ వచ్చింది. గుమ్మంలో ఆగి, చొక్కాల మధ్య ముడుచుకుని కూర్చున్న మనిషిని చూసి, "మామయ్యా?" అంది. తర్వాత ఇస్త్రీ ఆవిడ వైపు తిరిగి, "మా మామయ్యేనాంటీ. నిజంగానే తాళాలు బాగుచేస్తాడు" అంది.

బైండింగు ఆయన లేచి, కుర్చీ పక్కకి జరిపి, కింద పడిన ఊచలన్నీ ఒక్కొక్కటీ ఏరి సంచిలో వేసి చేతికిచ్చాడు. "ఏమనుకోకండి" అన్నాడు. క్షమాపణ అడిగినట్టు లేదు. తన పని తాను చేశానన్నట్టుంది.

"ఏంటే ఇదంతా?" అన్నాడు మామయ్య. "మోటారుసైకిలువాడెవడు?"

గువ్వ ఆంటీ వైపు చూసింది. ఇస్త్రీ ఆవిడే, "చెప్పమ్మా. ఇంత దూరం వచ్చాడుగా" అంది.

అప్పుడు చెప్పింది. నెల క్రితం కొత్త కాలనీ కాలేజీలో సర్టిఫికెట్లు చూపించి బయటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. ఆ పొడవాటి గోడ పక్కన నడుస్తుంటే మోటారుసైకిలు మీద ఒకడు పక్కనే మెల్లగా నడుపుతూ మాట కలిపాడు. జవాబు చెప్పకపోతే పాడు మాటలకి దిగాడు. గువ్వ వెనక్కి పరిగెత్తి కాపలావాడికి చెప్పింది. గేటు బయట సంగతి తన డ్యూటీ కాదన్నాడు. ఒక ఇంటి బెల్లు నొక్కింది. గోడకున్న పెట్టెలోంచి "ఎవరు?" అని గొంతు వచ్చింది. చెప్పింది. "మీరెవరో మాకు తెలీదండీ" అని గొంతు ఆగిపోయింది. రెండో ఇంట్లో కిటికీ తెర కదిలింది కానీ ఎవరూ పలకలేదు. దొరికిన బస్సు ఎక్కేసింది. వాడు బస్సు వెనకే వచ్చాడు. ఆ బస్సు ఆఖరి స్టాపు ఈ సందు మొదట్లో.

"కనిపించిన మొదటి గుమ్మంలోకి దూరిపోయాను మామయ్యా. ఆంటీ ఏమీ అడగలేదు. నన్ను ఈ చొక్కాల వెనక్కి తోసి, ఇస్త్రీ పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడింది."

"వాడు బండి ఆపుకుని సందులో నిలబడ్డాడు" అన్నాడు బైండింగు ఆయన. "ఎవరు కావాలి అన్నాను. ఊరికే అన్నాడు."

మామయ్య తల దించుకున్నాడు.

"అడగ్గా అడగ్గా నలుగురం చేరాం. వెళ్ళిపోయాడు."

"ఇవాళ నువ్వూ ఊరికే అనేసరికి మళ్ళీ అదే వరస అనుకున్నా" అంది ఇస్త్రీ ఆవిడ మామయ్యతో.

మామయ్యకి నిన్నటి కొత్త కాలనీ కళ్ళ ముందు కదిలింది. ఇదే సంచి. ఇవే ఊచలు. రెండుగంటలు ఇంటింటి తాళం చూస్తూ తిరిగాడు, ఒకదాన్ని వంగి తడిమాడు కూడా. ఒక్క మనిషి కూడా నువ్వెవరని అడగలేదు. అది భద్రత అనుకుని తృప్తిపడి ఇంటికొచ్చాడు. ఎవరికీ పట్టకపోవడానికీ క్షేమానికీ తేడా తెలియని మనిషి ఇరవై ఆరేళ్ళు ఏం తాళాలు బిగించినట్టు?

అయినా పుట్టుబుద్ధి ఒక్కరోజులో పోతుందా. "ఏమనుకోకమ్మా, ఒకటి అడుగుతా. ముక్కూమొహం తెలియని పిల్లకి ఇంత చేశారు. ఎందుకని?" అన్నాడు.

ఆవిడకి కోపం రాలేదు. "ఇలా పరిగెత్తుకొచ్చింది మీ పిల్ల ఒక్కతే కాదన్నా. ఎదురుగా కాలేజీ పెట్టుకుని ఇరవై ఏళ్ళుగా ఉన్నా ఇక్కడ. అలాగని ఇదేదో దేవతల వీధి అనుకోకు. ఈ సందులోనూ వెధవలున్నారు. కాకపోతే వాళ్ళెవరో మాకు తెలుసు, మాకు తెలుసని వాళ్ళకీ తెలుసు."

బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

"ఆ తర్వాత కూడా వచ్చావా ఇక్కడికి?"

"నాలుగుసార్లు. భయం తీరుతుందేమోనని. కాలేజీ లైబ్రరీ చూశాను, ఆ వీధులన్నీ తిరిగాను. తీరింది."

"నాకెందుకు చెప్పలేదే?"

గువ్వ కిటికీలోంచి బయటికి చూసింది. "చెప్తే చదువు మానిపించేవాడివి. వాణ్ణేమీ చెయ్యలేక నన్ను లోపల పెట్టేవాడివి."

కాదని చెప్పబోయాడు. ఆ మాటలో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు.

"అమ్మకి చెప్పావా?"

"ఆ రోజే."

అదీ దెబ్బంటే. నెలరోజులు ఒకే ఇంట్లో, ఒకే అన్నం దగ్గర కూర్చుని, తను ఒక్కడే బయటివాడు. పిల్ల గడప దాటితే ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూసే మనిషికి, పిల్ల వణుకుతూ ఇంటికొచ్చిన రోజు ఏదో కూడా తెలియదు. ఇంటికెళ్ళాక అక్కని నిలదీద్దామనుకున్నాడు. ఆవిడ ఆస్పత్రి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, "చెప్పకూడదనుకున్నావా అక్కా?" అని మాత్రం అడిగాడు.

"చెప్పొద్దని అది ఒట్టు వేయించుకుంది. నా దగ్గర కూడా దాచేలా చెయ్యమంటావా?" అంది అక్క.

ఆ పూట అన్నం సహించలేదాయనకి. అలిగాడనుకుని అక్క బతిమాలబోయింది. అలక కాదు, సిగ్గు.

ఆదివారం గువ్వని వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకి వెళ్ళాడు. మోటారుసైకిలు నంబరులో చివరి మూడంకెలు గువ్వకి గుర్తున్నాయి. ఫిర్యాదు రాసుకున్నాయన, "చూస్తామండీ" అన్నాడు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. కానీ ఆ గదిలో గువ్వ గొంతు తొణక్కుండా జరిగిందంతా చెబుతుంటే, మామయ్య ఒక్క ముక్క కూడా మధ్యలో దూరలేదు. అది ఆయనకి తాళంచెవి లేకుండా తాళం తియ్యడం కంటే కష్టమైన పని.

సోమవారం పొద్దున్నే పాత వీధుల కాలేజీలో పేరు ఖాయం చేశారు. సంతకం పెట్టే ముందు మామయ్య లైబ్రరీ వేళలు అడిగాడు, వెనక సందులో దీపాలు వెలుగుతాయా అని అడిగాడు, ఆఖరి బస్సు ఎన్నింటికని రెండుసార్లు అడిగాడు. గుమాస్తా విసుక్కున్నాడు. గువ్వ నవ్వు ఆపుకుంది.

మామయ్య మారిపోయాడని చెబితే అబద్ధమవుతుంది. గొడుగుల ఆయన మీద అనుమానం అలాగే ఉంది. పిల్ల ఆలస్యమైతే సందు చివరికి ఇప్పటికీ వెళతాడు. నాలుగుసార్లు కాదు, ఒకసారి.

చలికాలం మొదట్లో ఒక సాయంత్రం ఆయన కొట్లో కూర్చుని తాళంచెవికి పళ్ళు కోస్తున్నాడు. గువ్వ కాలేజీ నుంచి నేరుగా కొట్టుకే వచ్చింది. ఎదురుగా పీట లాక్కుని కూర్చుని, "మామయ్యా, మొదటి పరీక్షలో రెండు సబ్జెక్టులు పోయాయి. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు" అంది.

ఆయన చెయ్యి ఆగింది. ఎందుకు పోయాయి, ఎవరితో తిరుగుతున్నావు, చదివే వేళకి ఏం చేస్తున్నావు, ఎన్నాళ్ళ నుంచి దాస్తున్నావు. అన్నీ వరసగా గొంతులోకి వచ్చి కూర్చున్నాయి. ఆకురాయి కింద పెట్టాడు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"ఏవి పోయాయే?" అన్నాడు.

గువ్వ సంచిలోంచి పేపర్లు తీసి బల్ల మీద పరిచి, మొదటి ప్రశ్న నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఆ లెక్కలు ఆయనకి ఒక్కటీ అర్థం కాలేదు. అయినా కొట్టు మూసే వేళ దాటేదాకా వింటూ కూర్చున్నాడు.